సిరా మిగిలింది

ముందురోజు మాపటేళ పెట్టెని నావలోకి దించుతుంటే
ధర్మయ్య తాడు విప్పుతూ అన్నాడు:
"ఖాళీదే కదండీ, మరీ అంత పదిలంగా ఎందుకండీ."

ఎంపీటీసీ ఉప ఎన్నిక.
పెద్ద ఓట్లకి ఇంకా ఎనిమిది నెలలుంది.
నాది సిరా పని.
మామూలు రోజుల్లో పశువుల ఆసుపత్రి గుమస్తాని,
ఏ గేదె చెవికి ఏ నంబరు బిళ్ల వేశారో రాస్తాను.
ఇవాళ కొత్తపాయలంక బడిలో
రెండో తరగతి బల్ల కింద మోకాళ్లు పట్టక
పక్కకి తిరిగి కూర్చున్నాను.

ఏడింటికి తలుపు తీశాం.
ఏడుంబావుకి ఒక మేక వచ్చింది. గుమ్మంలో నిలబడి
అందర్నీ ఓసారి చూసి వెళ్లిపోయింది.
తొమ్మిదిన్నరకి మా ప్రిసైడింగ్ అధికారి ఫోనులో
"పదకొండండి... కాదండి, శాతం కాదు, మనుషులు."

ఊరేమీ నిద్రపోలేదు.
కిటికీ అవతల రొయ్యల చెరువు పట్టుబడి.
ఐసు లారీ గట్టు దిగదు గనక
ఆడవాళ్లు ట్రేలు నెత్తిన పెట్టుకుని మోకాటి లోతు నీళ్లలో.
ఇంకోపక్క కొబ్బరికాయలు వలిచే చప్పుడు, ఆగకుండా.
అరటి గెలలు పడవకెత్తడానికి
ముప్పై మంది రేవు దాకా వరసగా నిలబడ్డారు.
అంత మంచి వరస మాకు రోజంతా రాలేదు.

ఏజెంట్లు త్రిమూర్తులూ బుల్లియ్యా
పొద్దున్న ఎడమొహం పెడమొహం.
పదకొండయ్యేసరికి ఒకే పేపరు చెరో సగం.
మధ్యాహ్నం ఒకరి కేరేజీలో పులుసు ఇంకొకరి అన్నంలోకి.
"ఈసారి ఎవరూ పంచలేదండి," అన్నాడు బుల్లియ్య, నన్ను ఓదారుస్తున్నట్టు,
"పంచకపోతే జనం అలుగుతారండి.
పెద్ద ఓట్లకి చూడండి, ఆయ్,
హైదరాబాదు నుంచి బస్సులు మాట్లాడుకుని మరీ దిగుతారు."

గుబ్బల వీరాయమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.
ఎడమ చెయ్యి చాపింది.
రొయ్యల తలలు తీసి తీసి చూపుడువేలి గోరు సగం లేదు.
చర్మం మీదే గీశాను.
"చిన్నోటుకీ ఇంతే గీతా?"
ఇంతే.
"పెద్దోటుకో?"
అదీ ఇంతే.
నవ్విందో, దగ్గిందో.

రెండింటికి తోచక ఓటర్ల జాబితా తిరగేశాను.
ఇంటి నంబరు 1-1 నుంచి 1-64 దాకా
ఒక్క టిక్కూ పడలేదు.
బయట బీడీ కాలుస్తున్న ధర్మయ్యని అడిగాను, ఆ వీధి ఎటు అని.
గడ్డంతో నదిని చూపించాడు.
ఎర్రటి నీళ్లు, తాపీగా, ఎవరికీ సంబంధం లేనట్టు.
"అటుమొన్న వరదకి దిగిపోయిందండి.
మాది ఒకటి డ్యాషు నలభై ఒకటి.
ఇప్పుడు అవతల గట్టు మీద ఉంటన్నాం.
అక్కడడిగితే నీ పేరు లంకలో ఉందంటారు,
లంకకొస్తే నీ ఇల్లేదంటారు."
పేరుంది కదా, వెయ్యొచ్చు, అన్నాను.
బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.
"నావ వదిలేసి ఎలాగండీ. పోటు టైము."
నావ కట్టేసే ఉంది. పోటుకింకా రెండు గంటలుంది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఐదయ్యింది.
వెయ్యిన్నీ నూట పన్నెండుకి నూట ముప్పై నాలుగు.
మూత బిగిస్తుంటే బుడ్డి ఒలికింది.
బొటనవేలు, అరచెయ్యి, చొక్కా అంచు, అంతా ఊదా.
ఇంటికెళ్తే పదిసార్లు ఓటేశావా అంటారు.
డ్యూటీ వాళ్లకి పోస్టల్ బ్యాలెట్ ఉంటుంది.
పోయిన పెద్ద ఓట్లకి ఫారం తెచ్చుకున్నాను.
బీరువాలో ఉంది,
నింపకుండా.

పెట్టె నా కాళ్ల మధ్య. ధర్మయ్య గెడ వేస్తున్నాడు.
చీకటి పడింది, ఎవరం మాట్లాడలేదు.
నది మధ్యలో గెడ దేనికో తగిలి ఠంగుమంది.
ఒక్క క్షణం ఆపాడు.
"చప్టా అండి," అన్నాడు,
"మాదో, పక్కోళ్లదో."